ప్రవేశ రుసుమా, పందెమా?

ప్రశ్న: మా అబ్బాయి మిత్రులతో పోకర్ టోర్నమెంట్ నిర్వహిస్తానంటున్నాడు. ప్రవేశ రుసుము 500 రూపాయలేనట, పైగా నైపుణ్య క్రీడ అట. ఏమని చెప్పాలి?

జవాబు: ముందు ఆ టోర్నమెంట్ నియమాలను అతని చేతనే చెప్పించండి. పేకముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా ఒడ్డేదానిని ‘బ్లైండ్’ అంటారు. వంతులవారీగా అది అందరికీ వస్తుంది. 25–50తో మొదలై, నిర్ణీత వ్యవధికొకసారి 50–100, 100–200గా పెరుగుతుంది. ఓపికగా వేచి ఉన్నవాని చిప్స్ కూడా కరిగిపోతాయి. అన్నీ పోయి లేవవలసినవానిని ‘రీబయ్’ మళ్లీ కూర్చోబెడుతుంది. మూడుసార్లు కొంటే 500 కాస్తా 2,000 అవుతుంది. ఆ సొమ్మే బహుమతి నిధి. అంటే, విజేతకు దక్కేది ఓడిన మిత్రుల ధనమే. నైపుణ్యం ఎంత ఉన్నా ఈ స్వభావం మారదు.

జూదం ద్వారా షైతాను మనుషుల మధ్య శత్రుత్వం రేపుతాడనీ, దైవస్మరణ నుండి, నమాజు నుండి మరలిస్తాడనీ దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులు హెచ్చరిస్తున్నాయి.

అబ్బాయిని కసరకండి. నలుగురినీ కూడగట్టే ఉత్సాహం మంచిదే. పరుగు పోటీ నిర్వహించమనండి. బహుమతి మాత్రం పోటీదారుల నుండి వసూలు చేయక, మీరే ఇవ్వండి.