అంకితం పేజీ దగ్గర మొదలయ్యే చదువు

త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' 1947లో వెలువడింది. తెలుగు సాహిత్య తరగతుల్లో తరచూ వినిపించే ఈ నవల గురించి అందరికీ తెలిసిన మాటలు రెండున్నాయి: ఇది తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల, కథానాయకుడు సీతారామారావు ఆత్మన్యూనతకు బలైనవాడు. గైడ్లూ నోట్సులూ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. అవి తప్పు మాటలేమీ కావు. కాకపోతే వాటిని కంఠస్థం చేశాక పుస్తకం తెరిచిన విద్యార్థికి తేల్చుకోవలసినదేమీ మిగలదు. పేరులోనే 'అసమర్థుడు' అని ఉండటంతో తీర్పు చదివాక వాదనలు వింటున్నట్టుంటుంది.

కథ క్లుప్తంగా ఇది. వంశప్రతిష్ఠ నిలబెట్టే బాధ్యతను కొడుకుకు అప్పగించి తండ్రి కన్నుమూస్తాడు. ఆ పేరు కోసం సీతారామారావు అడిగినవారికి లేదనకుండా ఇచ్చి ఆస్తి కరిగించుకుంటాడు. చేయి ఖాళీ అయ్యాక మనుషుల మీద నమ్మకం పోతుంది, ఇల్లాలు ఇందిరతో పొసగదు, తనలో తానే వాదించుకుంటూ చివరికి శ్మశానంలో ప్రాణం తీసుకుంటాడు.

సొంతంగా చదివే విద్యార్థి కన్ను పడవలసిన చోటు ఒకటి కథకు ముందే ఉంది. అది అంకితం. 'ఎందుకు' అని అడగడం నేర్పిన తండ్రికి గోపీచంద్ ఈ నవలను అంకితమిచ్చాడు. ఆ తండ్రి కవిరాజు త్రిపురనేని రామస్వామి. 'సూతపురాణం', 'శంబూకవధ' రాసి పురాణాలను నిలదీసిన హేతువాది. 1943లో మరణించాడు. పుస్తకం బయటి తండ్రి కొడుకు చేతిలో ప్రశ్న పెట్టి వెళ్లాడు; పుస్తకంలోని తండ్రి ఆజ్ఞ పెట్టి వెళ్లాడు. ఈ రెండు పేజీలను పక్కపక్కన ఉంచి చూసిన విద్యార్థికి సీతారామారావు రోగిగా కాక, ప్రశ్న అందని కొడుకుగా కనిపించవచ్చు. గైడులో దొరకని చదువు ఇది, ఎంతో విలువైనది కూడా.

అయితే ఈ ఊహకు అక్కడే ఒక అడ్డు ఎదురవుతుంది. సీతారామారావుకు ప్రశ్నలు తక్కువేమీ కాదు. లోకాన్ని, మనుషుల ప్రేమను, నీతిని అనుమానిస్తూనే ఉంటాడు. మరి ప్రశ్న అందలేదనడం ఎలా కుదురుతుంది? విద్యార్థి మళ్లీ పుస్తకంలోకి వెళ్లాలి. అతని ప్రశ్నలు తెలుసుకోవడానికి పుడుతున్నాయా, తనను తాను సమర్థించుకోవడానికా? రామయ్య తాతతో జరిగే సంభాషణలు ఇక్కడ పనికొస్తాయి. చదువు గొప్ప లేకుండా బతుకును సూటిగా చూసే ఆ ముసలాయన ముందు సీతారామారావు తర్కం ఎంత బిగువుగా ఉన్నా డొల్లగా మోగుతుంది. అప్పుడు మొదటి ఊహ కూలిపోదు, కాస్త మారుతుంది: ప్రశ్న లేకపోవడం కాదు, అది తన వైపు తిరగకపోవడమే అతని విషాదం. వ్యక్తిగత వ్యాఖ్యానానికీ, తోచిన మాటకూ తేడా ఈ సవరణలోనే ఉంది.

ఇందిర వైపు నుంచి చదివేవారికి పని మరింత కష్టం. కథనం ఎక్కువగా సీతారామారావు మనసునే అంటిపెట్టుకుని నడుస్తుంది. ఆమె మనకు చాలావరకు అతని చిరాకులోంచే కనబడుతుంది. ఆస్తి పోయిన ఇంట్లో పూట గడపవలసిన మనిషి ఏమనుకుందో ఆమె మాటలను, మౌనాలను ఏరుకుని కూర్చుకోవాలి. ఇందిరే అసలు కథానాయిక అనేస్తే అది అభిప్రాయమే అవుతుంది. ఏ సన్నివేశంలో అతని మాటకూ ఆమె చేతకూ పొంతన కుదరలేదో చూపిస్తే అది సాహిత్య విమర్శ.

ఇటువంటి చదువుకు తరగతిలో చోటు దొరకాలంటే ముందు ప్రశ్నపత్రం మారాలి. 'సీతారామారావు పాత్ర చిత్రణను వివరించండి' అన్న ప్రశ్నకు నోట్సే జవాబు. అంకితానికీ తండ్రి ఆజ్ఞకూ ఉన్న సంబంధం ఏమిటని అడిగితే మాత్రం పుస్తకం తెరవక తప్పదు. జవాబులు ఒకదానితో ఒకటి కలవవు గనుక దిద్దే అధ్యాపకుడూ నవలను మరోసారి తిరగేయవలసి వస్తుంది.