చమురు పొదుపు - యంత్ర పోషణము

నీటి విలువను అనంతపురము సీమవారికి వేరొకరు బోధింపవలసిన పని లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పడు నీ మెట్టనేలలో, కడవెడు నీటికై క్రోసెడు దూరము నడచిన తల్లులు నేటికిని మన యిండ్లలో నున్నారు. బియ్యము కడిగిన నీటిని కుడితికిని, చేతులు కడిగిన నీటిని కరివేప చెట్టునకును మళ్లించి, చుక్కయైన వ్యర్థపుచ్చక వారు కాపురములను నెట్టుకొని వచ్చిరి. అట్టి తల్లుల బిడ్డలమైన మనము, లీటరు నూరు రూపాయలకు మించిన పెట్రోలును మాత్రము చిల్లిపడిన కపిలతో నీరు తోడినట్లు వాడుచున్నాము. ఇది ధనముగల యొకరిద్దరి విషయమైనచో నుపేక్షింప వచ్చును. కాని నేడు ఆటో నడుపువాడు, అద్దె జీపువాడు, కూరగాయలను సంతకు తోలు చిన్నబండివాడు - వీరందఱి కుటుంబముల కూడు ఇంజనుపై నాధారపడి యున్నది. కాన దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట యప్రస్తుతము కాదని తలంచుచున్నాను.

మన దేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండియే వచ్చుచున్నది. పరుల చేతిలోని వస్తువుపై నాధారపడినవాని గతి యెట్లుండునో మనకు రెండు పర్యాయములు తెలిసివచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలునకు రేషను విధింపబడగా, మదరాసు రాజధానిలోని బస్సులు కట్టెబొగ్గు కుంపట్లను తగిలించుకొని, ఆ బొగ్గువాయువుతో రొప్పుచు నడచెను. పిమ్మట 1973లో అరబ్బు దేశములు చమురును బిగబట్టగా, కొలది నెలలలోనే దాని ధర నాలుగురెట్లయ్యెను. అనవసరముగా మండిన ప్రతి లీటరును స్వదేశమునుండి పరదేశమునకు పోవు ధనమే యని మఱువరాదు.

మన సీమకు మోటారు వాహనము క్రొత్తది కాదు. పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి యొద్ద కియా కంపెనీవారి కర్మాగారమునుండి 2019లో కార్లు వెలువడ నారంభించినవి. ఏటికి మూడు లక్షల బండ్లను నిర్మింపగల శక్తి దానికి గలదు. విజయనగర రాజులకు రెండవ రాజధానియై వెలసిన యూరి పొలిమేరలో నేడు మన పిల్లలు యంత్రములను కూర్చుచున్నారు. సంతోషమే. కాని బండిని చేయుట నేర్చిన సీమ, బండిని పోషించుట నేర్చినదా? లేదనియే నా యనుభవము చెప్పుచున్నది.

మొదట నొక్క సత్యమును గ్రహింపవలెను. పెట్రోలు ఇంజనులో మండిన యింధనపు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే చక్రములకు చేరును. మిగిలినదంతయు వేడిమియై రేడియేటరు గుండను, పొగగొట్టము గుండను పోవును. స్వభావముచేతనే యింత దుబారాయైన యంత్రమునకు మన యజాగ్రత్త కూడ తోడైనచో నేమగునో చెప్పనక్కఱలేదు. మన సీమలో నింజనునకు శత్రువులు ముఖ్యముగా రెండు: చవుడు నీరు, దుమ్ము.

మన బోరుబావుల నీరు చాలచోట్ల కఠినజలము. కాచిన గిన్నెలో తెల్లని పెచ్చు కట్టుట ప్రతి గృహిణియు నెఱుగును. ఆ పెచ్చే రేడియేటరు సన్ననాళములలోను, ఇంజను నీటిమార్గములలోను కట్టి, వేడిని వెలికి పోనీయదు. కూలెంటు చలిదేశముల వారికే గాని మనకేల యని వాదించువారు గలరు. అది పొరపాటు. కూలెంటు నీటి మరుగుస్థానమును పెంచును, లోపలి లోహమును త్రుప్పునుండి కాపాడును. శుద్ధజలముతో దానిని కంపెనీవారు చెప్పిన పాలున కలిపి పోయుటయే సరియైన పద్ధతి.

ఈ విషయమున నా యపరాధమును నేనే చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట నా పాతకారు వేడెక్కుచుండగా, ఒక పట్టణమందలి మెకానికు థర్మోస్టాటును పెఱికి నా చేతిలో పెట్టి, "మన ఎండలకు ఇదెందుకు సార్, తీసేస్తే ఇంజను చల్లగా ఉంటాది" అనెను. నేను సంతోషించి వచ్చితిని. నాటినుండి లీటరునకు 15 కిలోమీటర్లు పోవు బండి 13కు దిగెను. ఏడాది గడచిన పిమ్మట, ఆర్.టి.సి.లో పనిచేసి విరమించిన యొక వృద్ధ మెకానికు దానిని చూచి నవ్వి, "సామీ, పొయ్యి చల్లగా ఉంటే సంగటి ఉడుకుతాదా?" అని యడిగెను. ఇంజను తగిన వేడికి వచ్చువఱకు చల్లని నీటిని లోపలనే త్రిప్పుటయే థర్మోస్టాటు చేయు పని. అది లేనిచో ఇంజను చలిగానే యుండి, యింధనము నెక్కువగా పీల్చును, త్వరగా నఱుగును. మఱి బండి మొదట వేడెక్కుటకు కారణమేమి? నేను మూడేండ్లు పోసిన బోరునీటి పెచ్చు! తప్పు మెకానికుదొక్కనిదే కాదు, రోగమును విచారింపక మందు మ్రింగిన నాదియును.

నాకు నష్టము కొలదిపాటి. ఇంకొకని కథ వినుడు. అప్పు దావాలో ప్రతివాదియై నా యొద్దకు వచ్చిన యొక జీపు యజమాని, మే నెల మధ్యాహ్నమున పెండ్లివారిని కదిరి వైపు తీసికొనిపోవుచు, ఉష్ణపు ముల్లు ఎఱ్ఱగీత దాటినను ముహూర్తము తప్పునని బండి నాపలేదట. ఇంజను పైతల వంగిపోయెను. మరమ్మతు ఖర్చు నాలుగు కంతుల సొమ్మును తినివేసెను. కంతులు తప్పగా బండిని పట్టుకొనిపోయిరి. న్యాయస్థానమున నేను చెప్పగల వాదమేమున్నది? ముల్లు లేచినపుడే బండిని నీడన నాపి, మూతను వెంటనే తెఱువక, చల్లారనిచ్చి చూచుకొన్నచో నా కుటుంబము నిలిచెడిది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ఫలమేమి?

ఇక దుమ్ము. జూన్ మొదలు ఆగస్టు వఱకు మన మెట్టపై వీచు నైరుతి గాలి రామగిరి కొండలమీద గాలిమరలను త్రిప్పును. ఆ గాలియే కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములందు హగరి యిసుకను లేపి పొలములపై దిబ్బలుగా పోయును. అట్టి గాలినే మన ఇంజనులు పీల్చుచున్నవి. మధ్య నడ్డముగా నున్నది మడతల కాగితపు వడపోత యొక్కటే. అది మూసికొనిపోయినచో పాత కార్బురేటరు బండ్లలో చమురు వృథాయగును, క్రొత్త బండ్లలో ముఖ్యముగా శక్తి తగ్గును. అంతకంటె ఘోరము, అది చిరుగుట. పంక్చరు దుకాణములో బలమైన గాలితో దానిని కొట్టించుట మనవారి యలవాటు. ఆ దెబ్బకు కాగితము కంటికి కనబడని చిల్లులు పడి, సన్నని యిసుక లోనికి పోయి, పిస్టను రింగులను ఆకురాయివలె నఱగదీయును. పిమ్మట నీలిపొగ, ఆయిలు తఱుగుట, కడపట ఇంజను విప్పుట! వందల రూపాయల కాగితమును పొదుపుచేయబోయి వేలకు వేలు పోగొట్టుకొనుట యిదియే. ఆయిలు మాటయు నట్టిదే. దుమ్ముదారులలో తిరుగు బండికి గడువుకంటె ముందే ఆయిలు మార్చవలెనని కంపెనీల పుస్తకములే చెప్పుచున్నవి. ఎండలకు చిక్కని ఆయిలు మంచిదని పుస్తకమున లేనిదానిని పోయించుట ఘర్షణమును పెంచి, చమురును మ్రింగించుటయే.

నడుపు విధానము మూడవది. అనంతపురమునుండి బెంగుళూరునకు 44వ జాతీయ రహదారిపై 210 కిలోమీటర్ల దూరమనుకొందము. గంటకు 80కి బదులు 100 వేగమున పోయినచో కలసివచ్చునది అరగంట. కాని గాలి యెదురొత్తు వేగపు వర్గమును బట్టి పెరుగును గనుక, అది ఒకటిన్నర రెట్లకు మించిపోవును. టైర్లలో నొక్కొక్క పౌను గాలి తగ్గిన కొలది చమురు నూటికి 0.2 వంతు మాత్రమే యెక్కువ ఖర్చగును, స్వల్పమే. కాని ఎండకాలమని గాలి తగ్గించి నడుపుట ప్రాణాంతకము. గాలి తగ్గిన టైరు నలిగి నలిగి మఱింత వేడెక్కి పగులును. ఉదయము బండి చల్లగా నున్నపుడు చూచి, కంపెనీ చెప్పిన మేరకు నింపుడు. కనుమ దిగునపుడు న్యూట్రలులో వదలుట, ఇంజను నార్పుట మన డ్రైవర్లు పొదుపని భ్రమింతురు. నేటి యింజెక్షను బండ్లు గేరులో దిగునపుడు ఇంధనమును తామే యాపుకొనును. న్యూట్రలులోనే యది మండును. ఇంజను నార్పినచో బ్రేకు బలమును పోవును.

"తప్పంతయు మాదేనా? ప్రభుత్వమువారు పెట్రోలులో ఎథనాలు కలుపుటచే మైలేజి తగ్గుటలేదా?" యని యడుగువారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. నూటికి 20 పాళ్ల మిశ్రమమునకు గడువును 2030నుండి 2025కు ముందునకు జరిపిరి. అట్టి మిశ్రమముచే పాతరకము కార్లలో నూటికి 6, 7 పాళ్లును, దానికై సవరింపబడిన వానిలో 1, 2 పాళ్లును మైలేజి తగ్గునని నీతి ఆయోగు 2021 నివేదికయే యొప్పుకొన్నది. పాతబండి గలవానికి వేఱు పెట్రోలు దొరకని యీ యేర్పాటు సమంజసము కాదని నా యభిప్రాయము. విదేశపు చమురు తగ్గుట మేలే యైనను, చెఱకునుండి లీటరు ఎథనాలు చేయుటకు 2860 లీటర్ల నీరు కావలెనని యా నివేదికలోనే యున్నది. ఆ లెక్కను చెఱకు ఎథనాలు కలిసిన ప్రతి లీటరు పెట్రోలును దాదాపు 570 లీటర్ల నీటిని మోసికొని వచ్చుచున్నది. కరువుసీమవాడు పెట్రోలును పాఱబోసినచో నీటిని పాఱబోసినట్లే! ప్రభుత్వము తప్పు మన తప్పును కడిగివేయదు సరికదా, రెట్టింపు చేయుచున్నది.

కర్తవ్యమేమి? మన ఆర్.టి.సి. డిపోలలో ప్రతి డ్రైవరును లీటరునకెన్ని కిలోమీటర్లు నడిపెనో లెక్కకట్టుదురు, తగ్గినవానికి శిక్షణమిత్తురు. ఆ లెక్కపుస్తకము ప్రతి ఆటో స్టాండునకును రావలెను. ట్యాంకు నిండుగ పోయించి మరల నిండుగ పోయించువఱకు తిరిగిన దూరమును లీటర్లచే భాగించుట ఐదవ తరగతి లెక్క. అంకె తగ్గినచో రోగమున్నదని యర్థము. పారిశ్రామిక శిక్షణాలయముల వారు ఆదివారములందు డ్రైవర్లకు ఉచితముగా పాఠములు చెప్పవలెను. నీటి పొదుపునకై గ్రామగ్రామము తిరిగిన మా వంటి స్వచ్ఛంద సేవకులు ఆ పనికి తోడు రాగలరు. పెట్రోలు బంకులలో ఉచితముగా గాలి నింపుట వారి దయ కాదు, విధి. కొలతపై సందేహము కలిగినచో ముద్రవేసిన 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపుమని యడుగుట మన హక్కు. అడుగని హక్కు త్రుప్పుపట్టిన పనిముట్టు వంటిది.

మన రైతు తాను తినుటకు ముందు ఎద్దునకు మేత వేయును. దాని కాడిపుండును చూచి మందు రాయును. అది నోరులేని జీవమని జాలియొక్కటే కాదు, అది పడిపోయినచో సేద్యము పడిపోవునని యెఱుక. నేటి యెద్దు ఇంజను. దానికి నోరు లేదు గాని ముల్లు గలదు, పొగ గలదు, శబ్దము గలదు. వానిని చదువ నేర్చినవాడు తన కూటిని కాపాడుకొనును. సోదరులారా, రేపు ఉదయమున బండి తీయుటకు ముందు మూత యెత్తి ఒక్కసారి లోపలికి చూడుడు.