గర్భిణులలో పార్వోవైరస్ బి19: తల్లికి స్వల్పం, గర్భస్థ శిశువుకు గండం

పిల్లలలో చెంపలు కందినట్లు ఎర్రబారే స్వల్ప జ్వరానికి కారణమయ్యే పార్వోవైరస్ బి19, 2024లో ఐరోపాలోని పలు దేశాలలోను, అమెరికాలోను ఉద్ధృతంగా వ్యాపించింది. అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం ఆ సంవత్సరం ఆగస్టు 13న వైద్యులకు హెచ్చరిక జారీ చేసింది. పరీక్షించిన వారిలో ఇటీవలి సంక్రమణకు గుర్తయిన ఐజీఎం ప్రతిరక్షకాలు అంతకుముందు 3 శాతం లోపు మందిలోనే కనిపించగా, 2024 జూన్ నాటికి 10 శాతం మందిలో కనిపించాయని, 5 నుంచి 9 సంవత్సరాల పిల్లలలో ఇది 40 శాతానికి చేరిందని ఆ సంస్థ వెల్లడించింది. హెచ్చరికలో గర్భిణులను ప్రత్యేకంగా ప్రస్తావించడం గమనార్హం.

‘పార్వో’ అనగానే కుక్కపిల్లల వ్యాధి గుర్తుకు రావడం సహజం. అది వేరు, ఇది వేరు. కుక్కల పార్వోవైరస్ మనుషులకు సోకదు. కనుక పత్రికా మిత్రులు వార్తలలో ‘బి19’ను విడవకుండా రాయడం ఉభయతారకం. లండన్‌లో హెపటైటిస్-బి కోసం రక్తాన్ని పరీక్షిస్తుండగా, వోన్ కోసార్ట్ బృందం ‘బి’ వరుసలోని 19వ నమూనాలో ఈ వైరస్‌ను గుర్తించి 1975లో ప్రకటించింది. పేరు అలా వచ్చినదే.

ఎర్ర రక్తకణాలుగా ఎదగవలసిన మాతృకణాలే ఈ వైరస్ లక్ష్యం. ఆరోగ్యవంతులలో కొద్ది రోజులు రక్తోత్పత్తి ఆగినా తెలియదు. సికిల్ సెల్ వ్యాధిగ్రస్తులలో మాత్రం హిమోగ్లోబిన్ ప్రమాదకరంగా పడిపోతుంది. గర్భస్థ శిశువు పరిస్థితి అంతకంటె సున్నితమైనది. నాలుగు, ఐదు నెలలలో పిండం వేగంగా పెరుగుతూ, కాలేయంలో నిరంతరం రక్తకణాలను తయారు చేసుకుంటుంది. ఆ కణాల ఆయువు పెద్దల కణాలకంటె తక్కువ. ఉత్పత్తి ఆగితే రక్తం త్వరగా పలచబడి, గుండె అలసి, పొట్టలోను, ఛాతీలోను, చర్మం కింద నీరు చేరుతుంది. దీనినే హైడ్రాప్స్ అంటారు. తల్లి హిమోగ్లోబిన్ సక్రమంగా ఉన్నప్పటికీ బిడ్డకు తీవ్ర రక్తహీనత ఉండవచ్చు. గర్భిణి రక్తహీనత అనగానే ఐరన్ మాత్రలు గుర్తుకు వచ్చే మన వ్యవస్థ ఈ తేడాను గ్రహించాలి. ఈ బిడ్డకు ఆ మాత్రలతో ప్రయోజనం లేదు.

అయితే ఆందోళనకు హద్దు ఉండాలి. వయోజన స్త్రీలలో సుమారు సగం మందికి బాల్యంలోనే వైరస్ సోకి రక్షణ ఏర్పడి ఉంటుంది. గర్భంతో ఉండగా కొత్తగా సోకినా, శిశువుకు హాని జరిగేది 5 నుంచి 10 శాతం కేసులలోనే. 9 నుంచి 20 వారాల మధ్య ముప్పు అధికం. రుబెల్లా వలె ఇది అవయవ లోపాలను కలిగిస్తుందని రుజువు కాలేదు. వైరస్ సోకిందన్న ఒక్క కారణంతో గర్భవిచ్ఛిత్తికి తొందరపడటం సరికాదు. పరీక్ష ఫలితం చెప్పేటప్పుడు మొదట చెప్పవలసిన మాట ఇదే.

రుబెల్లాకు టీకా ఉన్నది. 2017లో ఉభయ తెలుగు రాష్ట్రాలలోను తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం చేపట్టడం జరిగింది. బి19కు టీకా గాని, ప్రత్యేక ఔషధం గాని లేదు. దద్దుర్లు కనిపించేసరికి పిల్లవాడి నుంచి వ్యాపించే దశ దాదాపు ముగుస్తుంది కాబట్టి, అప్పుడు బడి మాన్పించినా ఉపాధ్యాయినికి ఒరిగేది తక్కువ. దద్దుర్లతో వచ్చిన గర్భిణికి తట్టు, రుబెల్లా పరీక్షలు రెండూ నెగెటివ్ అయితే అంతటితో కాగితం మూసివేయడం పొరపాటు. బి19 ఐజీజీ, ఐజీఎం పరీక్షలు కూడా జరగాలి. ఐజీజీ ఉండి ఐజీఎం లేకుంటే భయం లేదు. ఐజీఎం ఉంటే మాత్రం నిఘా ఆరంభించాలి.

నిఘా అంటే 8 నుంచి 12 వారాల పాటు, ఒకటి రెండు వారాలకొకసారి డాప్లర్ స్కానింగ్. శిశువు మెదడులోని ప్రధాన ధమనిలో రక్తం ఎంత వేగంగా పారుతున్నదో అందులో చూస్తారు. రక్తం పలచబడిన కొద్దీ వేగం హెచ్చుతుంది. సూది గుచ్చకుండానే రక్తహీనత బయటపడుతుంది. తీవ్రమైతే బొడ్డుతాడు రక్తనాళం ద్వారా గర్భంలోనే రక్తం ఎక్కిస్తారు. గర్భస్థ శిశువుకు రక్తం ఎక్కించడాన్ని న్యూజిలాండ్‌లో విలియం లైలీ 1963లో ఆరంభించారు. వైరస్ ప్రభావం తాత్కాలికం గనుక ఒక్కసారి ఎక్కించడంతోనే కోలుకునే శిశువులు ఎందరో. ఈ సదుపాయం పెద్ద కేంద్రాలకే పరిమితం. కావున ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పంపే చీటీలో గర్భం వారాలు, రోగితో సంపర్కం జరిగిన తేదీ, దద్దుర్లు వచ్చిన తేదీ తప్పక నమోదు కావాలి. ఆ తేదీలు లేకపోతే స్కానింగ్‌లు ఎప్పటి వరకు కొనసాగించాలో నిర్ణయించడం నిపుణులకు కష్టమవుతుంది.