దిగులు ఆడపిల్లలకేనా?

మా పాప తొమ్మిదో తరగతిలో రోజూ తలనొప్పి అనేది. అన్నం కెలికి లేచిపోయేది, రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని ఏడ్చేది. "పెద్దమనిషైన కొత్త గదా, అట్లే ఉంటాది లే" అనింది మా అత్త. నాకు మనసొప్పక డాక్టరుకు చూపించాను. డిప్రెషన్ అన్నారు. కొన్ని నెలలు కౌన్సెలింగ్‌కు తిప్పితే తేరుకుంది.

నాలుగేళ్ళకు మావాడు ఇంటర్ హాస్టల్ నుంచి సెలవులకొచ్చాడు. తలుపులు ధడేల్మని వేయడం, కంచం నెట్టేయడం, పలకరిస్తే కసురుకోవడం. పొగరెక్కిందన్నాను. వాళ్ళ నాన్న రెండు తగిలించాడు కూడా. ఆర్నెల్ల తర్వాత ఒక రాత్రి మిద్దె మీద, "నేను దేనికీ పనికిరాను మా" అన్నాడు. అప్పటికి గానీ నాకు బుర్ర వెలగలేదు.

తొంభైకి పైగా దేశాల వివరాలు కలిపి 2017లో చేసిన పరిశీలన ఒకటుంది. పన్నెండేళ్ళకే ఆడపిల్లల్లో డిప్రెషన్ మగపిల్లల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. 13-15 మధ్య ఆ తేడా అన్నిటికంటే పెద్దది. ఇది కాదనను. ఒంట్లో మార్పులు, ఆ వయసులోనే మొదలయ్యే ఆంక్షలు, రంగు గురించి చుట్టాల మాటలు, ఇవన్నీ ఆడపిల్ల మీదే కదా పడేది!

కానీ ఆ వయసులో డిప్రెషన్ ఏడుపుగానే రానక్కర్లేదు, చిరాకుగా, కోపంగా కూడా వస్తుందని డాక్టర్లే చెబుతారు. మనం ఏడుపును దిగులంటాం, కోపాన్ని పొగరంటాం. బీఏలో తెలుగు చదివిన దాన్ని, మాటల మీద ధ్యాస ఎక్కువ నాకు. "మా పిల్లోడు దిగులుగా ఉన్నాడు" అని ఎవరైనా అనగా మా ప్రొద్దుటూరులో ఇంతవరకూ వినలేదు. మీరు విన్నారా?

2022 లెక్కల్లో మన దేశంలో పద్దెనిమిదేళ్ళ లోపు ఆత్మహత్యల్లో ఆడపిల్లలే ఎక్కువ. అన్ని వయసులూ కలిపితే మాత్రం మగవాళ్ళు 70 శాతం పైనే. అప్పులు, తాగుడు, కారణాలు చాలా ఉంటాయి, నిజమే. నోరు విప్పడం చిన్నప్పుడే మానేసిన వాళ్ళు అందులో ఎందరో అనిపిస్తుంది నాకు.

డాక్టరు దగ్గరికి రానని మావాడు మొండికేస్తే టెలీ మానస్ 14416కు నేనే ఫోన్ చేశాను. డబ్బు అక్కర్లేదు, రాత్రైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మూడోసారి ఫోను వాడే తీసుకున్నాడు.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాత్రం ఇప్పటికీ ఒక్క ముక్క చెప్పడు. అందుకే సాయంత్రం కూరగాయలకని బండి తీయిస్తాను. వెనక కూర్చున్న నాకు వాడి ముఖం కనబడదు కాబట్టి, మార్కెట్ చేరేలోపు ఏదో ఒకటి చెబుతాడు. కొన్ని రోజులు కూరగాయలు ఇంట్లో ఉన్నా పోతాం.