తీర్థం అంటే రేవు

ఎన్నికలు దగ్గరపడితే చాలు, పత్రికల నిండా ‘తీర్థం’ పుచ్చుకున్నవాళ్ల కబుర్లే. నిన్నటిదాకా ఒక పార్టీ జెండా మోసిన నాయకుడు ఇవాళ ఇంకో పార్టీ తీర్థం పుచ్చుకుంటాడు. సాయంత్రమయ్యేసరికి సీసా చుట్టూ చేరే మిత్రబృందానికీ అది తీర్థమే. గుళ్లో పూజారి ఉద్ధరిణెతో పోసే తులసి నీళ్లు తీర్థం. కాశీ, రామేశ్వరం తీర్థాలు. గోదావరి జిల్లాల్లో ఊరి జాతరా తీర్థమే. ఇంతకీ అసలు తీర్థం ఏది?

సంస్కృతంలో ‘తౄ’ ధాతువుకు దాటడం అని అర్థం. తరణం, తారకం లాంటి మాటలు అందులోంచి వచ్చినవే. తీర్థమూ అంతే. దాటడానికి వీలైన చోటు అని దాని తొలి అర్థం. మన తెలుగులో రేవు. నది ఒడ్డంతా రేవు కాదు. ఎక్కడ అడుగు వేస్తే నేల తగులుతుందో, ముందు దిగినవాళ్లు చూసి చెప్పిన చోటే రేవు.

అమరకోశం ఈ మాటకు నాలుగు అర్థాలు చెప్పింది: నీళ్ల రేవు, శాస్త్రం, ఋషులు సేవించిన జలం, గురువు. తెలియనితనాన్ని దాటిస్తాడు కనుక గురువూ రేవే. అందుకే ఒకే గురువు దగ్గర చదువుకున్నవాళ్లు సతీర్థ్యులయ్యారు. సాందీపని దగ్గర చదువుకున్న కృష్ణుడు, కుచేలుడు అలాంటివాళ్లే. మధ్వ సంప్రదాయంలో పీఠాధిపతుల పేర్ల చివర ‘తీర్థ’ కనిపించేదీ ఇందుకే.

జైనులు ఈ మాటను ఇంకో మెట్టు ఎక్కించారు. ఋషభుడి నుంచి మహావీరుడి దాకా వాళ్లకు 24 మంది తీర్థంకరులు. తీర్థంకరుడంటే తానొక్కడే ఒడ్డు చేరినవాడు కాదు, పదిమందీ దాటేందుకు రేవు కట్టినవాడు. సాధువులు, సాధ్వులు, శ్రావకులు, శ్రావికలు కలిసిన సంఘమే ఆ తీర్థం. బౌద్ధులు మాత్రం ఇతర మతాలవాళ్లను తైర్థికులన్నారు. వాళ్ల రేవు వేరు అన్నమాట!

కౌటిల్యుడి దగ్గరకొస్తే మాట రాజకీయమైంది. మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు మొదలైన 18 మంది ముఖ్యులను అర్థశాస్త్రం తీర్థాలంది. వాళ్ల మీద గూఢచారుల కన్ను ఉండాలనీ చెప్పింది. పార్టీ తీర్థాలకు పాత చుట్టరికమే ఉంది!

ఎక్కడికీ వెళ్లలేనివారికి అరచేతిలోనూ తీర్థాలున్నాయి. వేళ్ల కొసలు దేవతీర్థం, బొటనవేలి మొదలు బ్రహ్మతీర్థం, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పితృతీర్థం. తర్పణం వదిలేటప్పుడు నీళ్లు జారేది ఆ సందులోంచే. కాశీ గొప్పదనం చెప్పడానికే పుట్టిన కాశీఖండం కూడా సత్యం, ఓర్పు, దయ తీర్థాలేనంటుంది. మనసు కడుక్కోకుండా ఎన్ని మునకలు వేసినా లాభం లేదనీ చెబుతుంది.

రేవు అన్న అర్థం మరిచిపోతే ఏమవుతుందో గోదావరి చూసింది. 2015 జులై 14, పుష్కరాల మొదటిరోజు. నది పొడవునా స్నానఘట్టాలున్నా, రాజమండ్రి పుష్కరఘాట్‌కే జనం పోటెత్తారు. తొక్కిసలాటలో 25 మందికి పైగా చనిపోయారు. క్షేమంగా దిగి, క్షేమంగా ఒడ్డెక్కే చోటుకే తీర్థమని పేరు. 12 ఏళ్లకోసారి వచ్చే ఆ పుష్కరాలకు తర్వాతి ఏడు 2027. మెట్లు కట్టేవాళ్లకూ, మెట్లు దిగేవాళ్లకూ ఆ అర్థం గుర్తుండాలి.

అదే గోదావరి సీమలో, కోనసీమ జగ్గన్నతోటలో, కనుమనాడు ప్రభల తీర్థం జరుగుతుంది. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో శకటంగా కనిపించింది అదే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద అక్కడ కలుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలకు దారిలో కౌశిక అడ్డం. అంతెత్తు ప్రభను భుజాల మీద ఎత్తుకుని, నీళ్లలోకి దిగి, ఒకరినొకరు హెచ్చరించుకుంటూ, ఒరగనివ్వకుండా అవతలి గట్టు ఎక్కిస్తారు. తీర్థమన్న మాటకు అర్థం అడిగితే వాళ్లు ధాతువులు చెప్పకపోవచ్చు. ఏటా దాటి చూపిస్తున్నారు.