పసుపు కార్డు – పచ్చడి సీసా

కాశీకి వెళ్ళినవాడు కాటికి వెళ్ళినవాడితో సమానమని వెనకటి సామెత. రైళ్ళు వచ్చి ఆ సామెతకు పళ్ళు వూడగొట్టాయి. అయినా అది చావలేదు. కాశీని వదిలి ఆఫ్రికాను పట్టుకుంది. కుర్రవాడికి అమెరికాలో వుద్యోగమైతే బెజవాడలో వీధి వీధంతా మిఠాయిలు పంచుతారు. ఆఫ్రికాలో అయితే తల్లి వంటింట్లోకి వెళ్ళి కళ్ళు వొత్తుకుంటుంది.

మా తమ్ముడు ఘనా దేశపు రాజధాని అక్రాలో వుద్యోగం చేసిన రోజుల్లో నేనొక వేసవి సెలవులకు వెళ్ళి వచ్చాను. అది మొదలు, పద్యానికి అర్థం అడగవచ్చేవారికన్న అక్రాకు ఏం పట్టుకెళ్ళాలని అడగవచ్చేవారే మా ఇంటికి ఎక్కువయ్యారు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "ఆవకాయ తీసుకెళ్ళనిస్తారాండీ?" మొదట అడగవలసింది ఆవకాయ సంగతి కాదు, సూది సంగతి.

ఘనాలో అడుగు పెట్టేవారు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు కార్డు చూపాలి. కళ్ళు పచ్చబడి, ముదిరితే ప్రాణం తీసే జ్వరమది. ఈ టీకా ప్రతి ఆసుపత్రిలోనూ వేయరు. కేంద్ర ప్రభుత్వం గుర్తించిన చోట్లనే వేస్తారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అందుకు పేరుపడ్డ చోటు. ముందుగా రోజు ఖాయం చేసుకుని, పాస్‌పోర్టు వెంట పెట్టుకుని వెళ్ళాలి. సూది పడిన పదిరోజులకు గాని కార్డు చెల్లదు. అంచేత ప్రయాణం నిశ్చయమైన మర్నాడే ఈ పని మీద బయలుదేరడం మంచిది. ఒకసారి వేయించుకుంటే చాలు; 2016 జూలై నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతున్నది. కార్డు రంగు పసుపు. శుభమా అని బయలుదేరేటప్పుడు పసుపు ముందుండాలి గదా!

ఆ టీకా మందు కోడిగుడ్డులోని పిండంలో పెరుగుతుంది. గుడ్డు పడని శరీరతత్వం గలవారు, గర్భిణులు, 60 యేళ్ళు దాటినవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. తొమ్మిది నెలలు నిండని పసివారికి వేయరు. కూతురి పురిటికి సాయం వెళ్ళే అమ్మమ్మలు ఈ మాట ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి.

వెళ్ళడంతో కార్డు పని అయిపోయిందనుకుని పెట్టె అడుగున పడేస్తారు కొందరు. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో కూడా దాన్ని అడుగుతారు. లేనివారిని ఆరు రోజులదాకా విడిగా వుంచే అధికారం వారికుంది. నేను తిరిగి వచ్చినప్పుడు నా ముందు నిలబడిన పెద్దమనిషి కార్డును పెద్దపెట్టెలో పెట్టి తాళం వేశాడు. పెట్టె ఇంకా విమానం కడుపులోనే వుంది. "వుందండీ, వుందండీ" అంటాడు, చూపించమంటే చెమటలు! కార్డు ఎప్పుడూ చేతిసంచిలో, పాస్‌పోర్టు పక్కనే వుండాలి.

ఇంత పట్టుదల దేనికని విసుక్కోకండి. ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు. కాని దాన్ని మోసే దోమ వుంది. పగటిపూట కుట్టి డెంగీ తెచ్చే చారలకాళ్ళ దోమ అదే. మన కూలర్లలోనూ, పూలకుండీలలోనూ, డాబా మీది డ్రమ్ముల్లోనూ హాయిగా కాపురం చేస్తున్నది. గుర్రం వుంది, రౌతు లేడు. ఆ రౌతును మనం విమానం ఎక్కించి తీసుకురాకూడదనే ఈ కాపలా అంతా.

ఈ టీకా వెనక ఒక కథ వుంది. 1927లో, ఘనాను గోల్డ్ కోస్ట్ అని పిలిచే రోజుల్లో, అసిబి అనే యువకుడికి ఈ జ్వరం తగిలింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున పనిచేస్తున్న శాస్త్రజ్ఞులు అతని రక్తం తీసి, ఇండియా నుంచి తెప్పించిన కోతికి ఎక్కించారు. మన కోతికి జబ్బు అంటింది. పరిశోధనకు దారి దొరికింది. అసిబి బతికాడు. ఆ శాస్త్రజ్ఞులలో ఒకడైన ఏడ్రియన్ స్టోక్స్ మాత్రం ఆ యేడే ఆ జ్వరంతో పోయాడు. మరుసటి యేడు, 1928లో, జపాను శాస్త్రజ్ఞుడు నొగూచి అక్రాలోనే దానికి బలి అయ్యాడు. అసిబి రక్తంలో దొరికిన ఆ క్రిమినే సాధువును చేసి, మాక్స్ థైలర్ 1937లో టీకా సిద్ధం చేశాడు. 1951లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మన జబ్బకు పడే సూదిలో ఒక ఘనావాసి రక్తమూ, ఒక మన దేశపు కోతి ప్రాణమూ వున్నాయన్నమాట. అలాంటి వూరు మనకు బొత్తిగా పరాయిది ఎలా అవుతుంది?

ఇక పెట్టె సంగతి. అక్రా సముద్రపు వొడ్డు వూరు. వుక్క వుంటుంది గాని మన రోహిణీకార్తె ఎండలుండవు. పెద్దవానలు జూన్‌లో. డిసెంబరు నుంచి ఫిబ్రవరిదాకా సహారా ఎడారి మీదుగా హార్మాటన్ అనే పొడిగాలి దుమ్ము మోసుకొస్తుంది. ఆస్తమా గలవారు మందు దగ్గర వుంచుకోవాలి. నూలుబట్టలు చాలు; సాయంకాలానికి పొడుగుచేతుల చొక్కాలు వుండాలి. గోడకు పెట్టే ప్లగ్గు అక్కడ మూడు పలక పిన్నులది, మన గుండ్రటి పిన్నులు దూరవు. రూపాయలకన్న డాలర్లు పట్టుకెళ్ళడం మేలు. అక్కడి నాణెం సీడీ. ఆ మాటకు అర్థం గవ్వ! మనకు చిల్లిగవ్వ అంటే లోకువ గాని, వారికి గవ్వే డబ్బు.

పచ్చడి సీసాకు మూత బిగించి, రెండు సంచులు తొడిగి, పెద్దపెట్టెలో పెట్టండి. శాకాహారులు ఒక్క సంగతి గమనించాలి. షిటో అనే నల్లటి కారం చూడబోతే మన పచ్చడిలాగే వుంటుంది. అందులో ఎండుచేపలు, రొయ్యలు వుంటాయి. బొబ్బర్లతో వండిన అన్నాన్ని వాచే అంటారు. బొబ్బర్ల కూరతో వేయించిన అరటిముక్కలు పెడతారు. కూరలో చేప వేశారేమో అడిగి తినాలి. సోబోలో అనే ఎర్రటి పుల్లటి పానీయం మన ఎర్రగోంగూర జాతి మొక్క నుంచే చేస్తారు. గోంగూర మీద బెంగ పెట్టుకున్న కృష్ణాజిల్లా వారికి అదొక వోదార్పు.

మర్యాదలు కొత్తవేమీ కావు. ఎడమచేత్తో ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. పెద్దలను ముందు పలకరించాలి. దారి అడగాలన్నా, బేరమాడాలన్నా ముందు కుశలప్రశ్న, తరువాతే పని. మన సోమయ్య, మంగమ్మల్లాగే అక్కడా పుట్టిన వారాన్ని బట్టి పేర్లుంటాయి: శుక్రవారం పుట్టినవాడు కోఫీ, శనివారం పుట్టినవాడు క్వామె. ఇంగ్లీషు అధికారభాష గనుక మాటకు ఇబ్బంది లేదు. టాక్సీ ఎక్కకముందే బాడుగ తేల్చుకోవాలి. సముద్రంలో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. వొడ్డున నిలబడి దణ్ణం పెట్టుకోవడమే క్షేమం.

చివరి మాట మలేరియా. దానికి ఈ పసుపు కార్డు రక్ష కాదు. డాక్టరును అడిగి మాత్రలు వెళ్ళకముందే మొదలుపెట్టాలి. తిరిగి వచ్చాక కూడా, మందును బట్టి, వారం నుంచి నాలుగు వారాలదాకా మింగాలి. దోమతెర తప్పనిసరి. అక్కడి మలేరియాలో ఎక్కువభాగం ఫాల్సిపారం రకం. ఒకటి రెండు రోజుల ఆలస్యం కూడా ప్రాణాపాయం కావచ్చు. ఇంటికి వచ్చిన వారానికైనా, రెండు మూడు నెలలకైనా సరే, వొళ్ళు వెచ్చబడితే వాతావరణం మార్పని, తిండి పడలేదని సరిపెట్టుకోకండి. ఆనాడే రక్తపరీక్ష చేయించాలి. మన డాక్టరు ఎంత సమర్థుడైనా, చెప్పనిదే అక్రా సంగతి ఆయనకెలా తెలుస్తుంది? కుర్చీలో కూర్చోగానే, జ్వరమెంతో చెప్పకముందే, "ఘనా వెళ్ళి వచ్చానండీ" అని చెప్పండి. కుర్రవాడు మరచిపోతే పక్కనున్న తల్లి చెప్పాలి.