సీడు నెగెటివే, మరి చెరువెందుకు పోయింది?

2023-24లో మన దేశం నుంచి ఎగుమతైన సముద్ర ఉత్పత్తుల విలువ 60 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో దాదాపు 40 వేల కోట్లు గడ్డకట్టించిన రొయ్యలవే. ఆ కంటైనర్లు ఓడెక్కే రేవుల్లో విశాఖది ముందు వరుస. ఉక్కు కర్మాగారం కోసం రోడ్డెక్కిన ఈ నగరం రొయ్య గురించి పెద్దగా మాట్లాడుకోదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు మాత్రం కాస్త ఉలిక్కిపడింది. చెరువు గట్టున ఉన్న రైతుకు అంతకంటే పాత భయం వైట్‌స్పాట్. 1994-95లో కోస్తాలో టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టింది ఆ వైరసే. 2009లో వెనామీ రకం రొయ్య వచ్చాక కూడా అది వదల్లేదు. సోకితే మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా ఖాళీ కావచ్చు. అలా పోయిన చెరువు రైతు చేతిలో చాలాసార్లు హేచరీ ఇచ్చిన పీసీఆర్ పరీక్ష కాగితం ఉంటుంది, సీడు, అంటే రొయ్య పిల్లలు, నెగెటివ్ అని. ఆ కాగితం అబద్ధమే కానక్కర్లేదు. వైరస్ ఉందా లేదా అని మాత్రమే అది అడిగింది. ఉన్న వైరస్ ఏ పనిలో ఉందో కూడా అడగడం మన పరిశోధన మొదలుపెట్టాలన్నది నా వాదన. అందుకు దారి వైరస్ స్వయంగా తయారుచేసుకునే మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో ఉంది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే 22 జన్యు అక్షరాలకు అటూ ఇటూగా ఉండే ఆర్‌ఎన్‌ఏ ముక్క. దాన్నుంచి ప్రొటీన్ ఏదీ తయారవదు. తనకు జతపడే జన్యు సందేశాన్ని పట్టుకుని, ఆ సందేశం ప్రొటీన్‌గా మారకుండా ఆపుతుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ఓ సూక్ష్మమైన పురుగులో దీన్ని గుర్తించారు. నోబెల్ బహుమతి 2024లో అందింది. వైరస్‌లు కూడా వీటిని తయారుచేస్తాయని 2004లో ఎప్‌స్టీన్-బార్ వైరస్‌లో తేలింది. రొయ్య విషయంలో ఇది మరీ కీలకం. రొయ్యకు మనలా యాంటీబాడీలు లేవు, అందుకే మనకు తెలిసిన తరహా టీకా దానికి పనికిరాదు. వైరస్‌ను ఎదిరించడానికి దానికున్న ముఖ్యమైన ఆయుధం చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో వైరస్ సందేశాలను నరికేయడం. దాదాపు అదే యంత్రాంగాన్ని వైట్‌స్పాట్ తన ముక్కల కోసం వాడుకుంటోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

చైనాలోని చెజియాంగ్ విశ్వవిద్యాలయ బృందం 2014లో చూపింది ఇదే. వైరస్ సోకిన కణం తనను తాను చంపుకుని దాన్ని ఆపాలని చూస్తుంది. అందుకు కాస్పేజ్-8 అనే ప్రొటీన్ కావాలి. వైరస్ మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒకటి సరిగ్గా దాన్నే అణిచింది. చావాల్సిన కణం బతికింది, వైరస్ పెరిగింది. అదే ఏడాది మరో పత్రంలో ఇంకా వింత సంగతి బయటపడింది. వైరస్ ముక్కలు రెండు వైరస్ సొంత జన్యువులనే అణిచాయి, అయినా ఇన్‌ఫెక్షన్ పెరిగింది. తన నడకను తానే సర్దుకునే వైరస్ ఇది. మనుషుల్లోనూ ఇలాంటిదే ఉంది: హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ నరాల కణాల్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఆ దశలో అది తయారుచేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు దాన్ని మేల్కొలిపే జన్యువులను నొక్కిపెట్టగలవని 2008లో తెలిసింది. తల్లి రొయ్యలోనూ వైట్‌స్పాట్ లక్షణాలు లేకుండా కొద్ది మోతాదులో ఉండిపోగలదు. గుడ్లకు ముందు నెగెటివ్ వచ్చిన తల్లి, గుడ్లు పెట్టాక పాజిటివ్ కావచ్చని తైవాన్ పరిశోధకులు 1999లోనే రాశారు. తల్లి రొయ్యలో వైరస్ నిద్రను నడిపేది ఈ ముక్కలేనా? సీడుతో బతికే తీరం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

చెరువులు పోయేది పీతల వల్ల, పక్కవాడు వదిలిన నీటి వల్ల అయితే ఈ అణువుల గొడవెందుకని ఎవరైనా అడగొచ్చు. పీతల కంచె, పక్షుల వల, నీటి శుద్ధి ముందు జరగాల్సినవే, అందులో వివాదం లేదు. కానీ మూడు దశాబ్దాలుగా అవే చెబుతున్నాం, వ్యాధి పోలేదు. విదేశాల నుంచి చెన్నై క్వారంటైన్ మీదుగా వచ్చే వెనామీ తల్లులు జాబితాలోని రోగాలు లేనివే తప్ప రోగాలను తట్టుకునేవని అర్థం కాదు. ఇంతకంటే బరువైన అభ్యంతరం శాస్త్రవేత్తల నుంచే వస్తుంది. వైరస్ మైక్రో ఆర్‌ఎన్‌ఏలని ప్రకటించిన వాటిలో కొన్ని, ముఖ్యంగా ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలోవి, విరిగిన తునకలేమోనన్న వివాదం ఇంకా ఉంది. ఆ అనుమానం న్యాయమైనదే. ఫలానా ముక్క కనిపించిందంటే సరిపోదు; దాన్ని తీసేస్తే రోగం మారాలి. కోళ్లలో ఆ పరీక్ష జరిగింది. మారెక్స్ వ్యాధి వైరస్‌లోని ఒకే ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏను తొలగిస్తే, చివరికి అందులో రెండక్షరాలు మార్చినా, కోళ్లలో కణుతులు రాలేదని 2011లో తేలింది. గుడ్ల ఉత్పత్తిలో దేశానికే ముందున్న రాష్ట్రం ఆ ఫలితాన్ని తేలిగ్గా తీసేయకూడదు. రొయ్యలో ఆధారాలు అంత గట్టివి కావు. రొయ్య కణాలను ల్యాబ్‌లో ఎడతెగకుండా పెంచే వీలు లేకపోవడం ఈ రంగాన్ని దశాబ్దాలుగా వెనక్కి లాగుతోంది.

దీన్నుంచి మందు వస్తుందా అంటే, దగ్గర్లో రాదు. ఆర్‌ఎన్‌ఏ నీటిలోనూ పేగులోనూ చెదిరిపోతుంది. లక్షల రొయ్యలున్న చెరువులో ప్రతిదానికీ చేర్చడం ఇంకో సమస్య. రోగనిరోధక శక్తి పెంచుతామనే పొడులకు ఇప్పటికే కొదవ లేదు. రేపు ఆ వరసలో ఆర్‌ఎన్‌ఏ ప్యాకెట్టు కూడా చేరితే రైతు కొనకపోవడమే మంచిది. ఇప్పుడు సాధ్యమైంది రోగ నిర్ధారణ. ఈతకాలి కొస కత్తిరిస్తే తల్లి రొయ్య చావదు. అదే తల్లి నుంచి గుడ్లకు ముందూ తర్వాతా నమూనాలు తీసి, చిన్న ఆర్‌ఎన్‌ఏలను చదివి పోల్చవచ్చు. భీమిలి తీరంలో హేచరీలు, విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, చెన్నైలో కేంద్ర ఉప్పునీటి ఆక్వా సంస్థ ఉన్నాయి. అడ్డంకి డబ్బుకంటే భయం. పాజిటివ్ అని పేరు పడితే ఆ హేచరీ సీడును ఎవరూ కొనరు, కాబట్టి నమూనా ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. 2005 చట్టంతో ఏర్పడిన కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ హేచరీల పేర్లు బయటపెట్టకుండా, సంకేత సంఖ్యలతో నమూనాలు భద్రపరిచే నియమం తెస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.